అన్నీ అరకొరగా వచ్చినవాడి వకాల్తా

"ఏదో ఒకటి పట్టుకో బాబూ." ఈ మాట నాతో మొదట కీబోర్డ్ నేర్పినావిడ అన్నారు. తర్వాత గిటార్ మాస్టారు అన్నారు, కాస్త విసుగ్గా. వయొలిన్ మాస్టారు మర్యాదస్తులు కాబట్టి "మీకు కుతూహలం ఎక్కువండీ" అని నవ్వి ఊరుకున్నారు గానీ ఆయన అన్నదీ అదే. ముగ్గురూ చెప్పింది నిజమే. ఇప్పటికి ఏడు వాయిద్యాల మీద చెయ్యి వేశాను. వాటిలో ఏ ఒక్కదాన్నీ స్టేజీ మీద కూర్చుని గంటసేపు ఒంటరిగా వాయించే స్థాయిలో నేర్చుకోలేదు. కీబోర్డ్, గిటార్ పర్వాలేదు. బేస్ గిటార్ పర్వాలేదు కంటే ఓ మెట్టు పైన. డ్రమ్స్ మీద తాళం తప్పకుండా ఉండగలను, అంతే. ఫ్లూట్ తారస్థాయికి వెళ్లిందంటే శ్రుతి దేవుడి దయ. క్లారినెట్ నాలుగు నెలల కాపురం. వయొలిన్ సంగతి పక్కగదిలో ఎవరూ లేనప్పుడు మాట్లాడుకుందాం.

అయితే ఇప్పుడు నేను ఎక్కువగా చేసే పని వాయించడం కాదు. బాణీలు కట్టడం, ఎవరైనా తమ బాణీ పట్టుకొస్తే దానికి అరేంజ్‌మెంట్ రాయడం. అంటే ఎక్కడ ఏ వాయిద్యం రావాలి, అది ఏ స్థాయిలో ఏం వాయించాలి, ఆ టైంలో మిగతావాళ్లు ఏం చెయ్యాలి, ఇదంతా కాగితం మీద పెట్టడం. ఈ పనిలోకి వచ్చాక ఆ ముగ్గురి మాటకీ నేను సగమే ఒప్పుకుంటున్నాను. వాయించేవాడు కావాలనుకుంటే ఒక్కటే పట్టుకోవాలి, అందులో వాదన లేదు. రాసేవాడు కావాలంటే మాత్రం నాలుగైదు వాయిద్యాలు అరకొరగా రావడం లోటు కాదు, చదువే అంటాను. కాకపోతే ఆ అరకొరకి ఒక హద్దుంది. ప్రతి వాయిద్యాన్నీ అది మనల్ని "కుదరదు పో" అనేదాకా నేర్చుకోవాలి. రెండు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఒక పాట ముక్క వాయించి వదిలేస్తే ఏ వాయిద్యమైనా తేలికే అనిపిస్తుంది. మొండికేసే చోటు ఒకటి ప్రతిదానికీ ఉంటుంది. అక్కడిదాకా వెళ్లి, అక్కడ ఓ కొన్నాళ్లు ఏడ్చి, ఆ తర్వాత వదిలేసినా నష్టం లేదు.

ఈ వాయిద్యాలన్నీ నేనేదో ప్లాన్ వేసుకుని నేర్చుకున్నవి కావు. కీబోర్డ్ చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు చేర్పించారు. గిటార్ నాకై నేను కావాలని మొదలుపెట్టాను, ఆ వయసులో ఎందుకు మొదలుపెడతారో అందుకే. మా కుర్రాళ్ల బ్యాండులో ముగ్గురు గిటారిస్టులుండి బేస్ వాయించేవాడు లేకపోవడంతో, ముగ్గురిలో గట్టిగా కాదనలేనివాడిని నేనే గనక బేస్ నా మెళ్లో పడింది. (ప్రపంచంలో సగం మంది బేసిస్టులు ఇలాగే పుట్టి ఉంటారని నా అనుమానం.) మిగతావి అలా అలా వచ్చి చేరాయి.

కీబోర్డ్ నుంచి గిటార్‌కి వెళ్లినప్పుడే నాకు తెలియకుండా అరేంజ్‌మెంట్ పాఠం మొదలైంది. కీబోర్డ్ మీద సి మేజర్ అంటే మూడు వేళ్లు, దగ్గర దగ్గరగా: సి, ఇ, జి (పాశ్చాత్య పద్ధతిలో స్వరాల పేర్లు ఇవి). ఎక్కడ వేసినా అదే ఆకారం. అందుకని ఎడమచేత్తో కిందెక్కడో కూడా అదే ఆకారం వేసేవాణ్ని, అక్కడ అది బురదలా వినిపించేది. నేను స్పీకర్లని తిట్టుకునేవాణ్ని. గిటార్ మీద ఇ మేజర్ పట్టుకుంటే తీగలు కింద నుంచి వరసగా ఇ, బి, ఇ, జి షార్ప్ (జి కంటే అరస్వరం పైది), బి, ఇ అని పలుకుతాయి. అంటే కింద మూడు తీగల్లోనూ కార్డ్‌కి మేజరో మైనరో చెప్పే ఆ మూడో స్వరం లేనే లేదు. అది నాలుగో తీగ దగ్గరికి గానీ రాదు. కింద ఎడం ఎక్కువ, పైకి పోయేకొద్దీ దగ్గర దగ్గర. అందుకే ఆరు తీగలూ ఒకేసారి మీటినా అంత శుభ్రంగా మోగుతుంది.

ఇది ఎందుకో తర్వాత లెక్కలు చూస్తే అర్థమైంది. కీబోర్డ్ అడుగున ఉండే సి దాదాపు 65 హెర్ట్జ్, దాని మీది ఇ దాదాపు 82. తేడా పదిహేడే. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండింటిని చెవి విడివిడిగా పట్టుకోలేక గరగరమనిపిస్తుంది. అవే రెండు స్వరాలు రెండు స్థాయిలు పైన వేస్తే 262, 330. హాయిగా విడిపోతాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, ఒక పేరా. కానీ నా మటుకు నాకు అది గిటార్ తీగల మీద వేళ్లు నొప్పెట్టినప్పుడు తెలిసిన విషయం కాబట్టి, ఇప్పటికీ రెండు చెల్లోలకి (వయొలిన్ జాతిలో కింది స్థాయిలో పలికే పెద్ద వాయిద్యాలు) కింద మూడో స్వరం రాయబోతుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

బేస్ ఇంకో రకం పాఠం. బ్యాండులో ఎవరూ మన వైపు చూడరు, కానీ మనం ఒక్క స్వరం మారిస్తే పాట మొత్తం వేరే గదిలోకి వెళ్లిపోతుంది. పైన గిటార్లు సి, ఇ, జి వాయిస్తూనే ఉన్నాయి. కింద నేను సి బదులు ఏ వేశాను. అంతే, సి మేజర్ కాస్తా ఏ మైనర్ సెవెన్త్ అయిపోయింది. పైవాళ్లు ఒక్క వేలు కదపలేదు. మొదటిసారి పొరపాటున జరిగింది, పాడుతున్న కుర్రాడు తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు భలే నచ్చింది, రెండోసారి కావాలనే వేశాను. ఆ రోజు నుంచి పాట వింటుంటే నా చెవి ముందు కిందికే పోతుంది. ఈ రోజుకీ ఎవరి బాణీ వచ్చినా నేను మొట్టమొదట రాసేది బేస్ వరసే. బాణీకీ బేస్‌కీ మధ్య సంబంధం కుదిరితే మధ్యలో ఏం పెట్టినా, పెట్టకపోయినా నిలబడుతుంది. ఆ రెండూ కుదరకపోతే పైన ఇరవై ట్రాకులు పరిచినా పైన పటారం లోన లొటారమే.

డ్రమ్స్ గురించి ఎక్కువ చెప్పలేను, ఎక్కువ రాదు కూడా. కుడికాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, బేస్ గిటార్ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవాలని మాత్రం తెలిసింది. అంత తెలిస్తే చాలా అరేంజ్‌మెంట్లు గట్టెక్కుతాయి.

ఫ్లూట్ దగ్గర నా అహంకారం కాస్త దిగింది. అప్పటిదాకా నేను పట్టుకున్న వాయిద్యాలన్నీ వేళ్లతో మోగేవి. వాటికి ఊపిరితో పని లేదు. అందుకని నా బాణీలకీ ఊపిరి ఉండేది కాదు, వాక్యం తర్వాత వాక్యం, ఎక్కడా కామా లేకుండా. ఫ్లూట్ మీద నేనే రాసుకున్న ఎనిమిది బార్ల (బార్ అంటే తాళంలో ఒక చుట్టు) ముక్క వాయించబోతే ఐదో బార్‌లో కళ్లు బైర్లు కమ్మాయి. ఇది అతిశయోక్తి కాదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకి నిజంగానే తల తిరుగుతుంది. మంద్రస్థాయికి వెళితే గాలి ఇంకా ఎక్కువ ఖర్చు, పైగా గట్టిగా పలకదు. తారస్థాయిలో మెల్లగా పలికించడం కష్టం. అంటే నేను కాగితం మీద "కింద గట్టిగా, పైన మెత్తగా" అని తీరిగ్గా రాసుకున్న ప్రతి చోటా ఆ వాయిద్యం స్వభావానికి అడ్డంగా రాసుకున్నానన్నమాట. తర్వాత ఒక ఓబో (క్లారినెట్‌లా నిలువుగా పట్టుకుని ఊదేది) వాయించే ఆయనతో మాట్లాడితే ఆయన బాధ తిరగబడి ఉంది. ఓబో రీడ్‌లోంచి (ఊదే చోట ఉండే సన్నటి రెల్లు ముక్క) పోయే గాలి చాలా తక్కువ. గాలి చాలకపోవడం కాదు, లోపల మిగిలిపోయిన గాలిని బయటికి వదిలే టైం దొరకకపోవడం వాళ్ల సమస్య. ముందు వదిలి, తర్వాత పీల్చుకోవాలి. రెండూ ఊది వాయించేవే, రెండింటికీ ఒకే బాణీ ఇవ్వచ్చు. కానీ విరామం ఇవ్వాల్సిన కారణాలు ఎంత వేరు!

వయొలిన్ ఏడు నెలలు. అందులో మొదటి మూడు నెలలు ఖాళీ తీగల మీద బో (కమాను) లాగడమే. జి, డి, ఏ, ఇ. ఎడమచేతికి పనే లేదు. అప్పుడు చిరాకేసింది గానీ, అరేంజ్‌మెంట్ వరకు నాకు అన్నింటికంటే పనికొచ్చింది ఆ మూడు నెలలే. బో ఒక చివర బరువు, ఇంకో చివర తేలిక. చేతి దగ్గర మొదలుపెట్టి కిందికి లాగితే మొదటి దెబ్బ దానంతటదే గట్టిగా పడుతుంది, కొస దగ్గర మొదలుపెట్టి పైకి నెడితే మెల్లగా మొదలై ఊపందుకుంటుంది. బో పొడవు ఎంతో అంతే, పొడిగించలేం. నెమ్మదిగా లాగితే శబ్దం సన్నబడుతుంది, గట్టిగా కావాలంటే త్వరగా అయిపోతుంది. ఇది తెలియక ముందు నేను స్ట్రింగ్స్‌కి (వయొలిన్, చెల్లో లాంటి కమాను వాయిద్యాలకి) కీబోర్డ్ మీట నొక్కి పట్టుకున్నట్టు నాలుగేసి బార్ల పొడుగు స్వరాలు రాసేవాణ్ని, ఫుల్ సౌండులో. వయొలిన్ వాళ్లు ఏమనేవాళ్లు కాదు, ఎక్కడో మధ్యలో దిశ మార్చుకుని వాయించేసేవాళ్లు. తలా ఒక చోట మార్చేవారు గనక వినడానికి బాగానే ఉండేది, నేనేదో బాగా రాశాననుకునేవాణ్ని. ఎవరి తెలివితో నా రాత గట్టెక్కుతోందో తెలియడానికి ఏడు నెలల కీచుకీచు పట్టింది.

ఇప్పటిదాకా చదివి "అయితే పది వాయిద్యాలు నేర్చేసుకుంటే అరేంజర్ అయిపోవచ్చు" అనుకునేవాళ్లు కొంచెం ఆగాలి. ఎందుకంటే వాయిద్యం నేర్పే ప్రతి మంచికీ జతగా ఒక చెడ్డ అలవాటు అంటగడుతుంది. మన వేళ్లు బాణీలు కట్టడం మొదలుపెడతాయి. గిటార్ చేతిలో ఉంటే నా బాణీలన్నీ ఇ మైనర్‌లో పుడతాయి, ఆ ఖాళీ తీగలు అలా పిలుస్తాయి మరి. కీబోర్డ్ దగ్గర కూర్చుంటే కుడిచేతి ఐదు వేళ్ల కింద ఏముందో బాణీ అక్కడే తిరుగుతుంది. ఒకప్పుడు నేను రాసుకున్న నలభై దాకా బాణీలు ఒకచోట పెట్టి చూసుకుంటే, ఏది ఏ వాయిద్యం మీద కట్టానో వినకుండానే కాగితం చూసి చెప్పేయగలిగాను. సిగ్గేసింది. మనిషి కట్టిన బాణీలు కావవి, కండరాలు కట్టినవి.

దానికి నాకు దొరికిన మందు చాలా మామూలుది: వాయిద్యం ముట్టుకోకుండా పాడుకోవడం. నడుస్తూ, బండి మీద పోతూ, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ. నా గొంతు ఘోరంగా ఉంటుంది, అది కూడా మంచికే, ఎందుకంటే ఆ గొంతులో కూడా బాగున్న బాణీ నిజంగా బాగున్నట్టే. గొంతు వేలు వెళ్లలేని చోటికి జారుతుంది, రెండు స్వరాల మధ్య కీబోర్డ్‌లో లేని చోట ఆగుతుంది, గమకం అడక్కుండానే వస్తుంది. పాడుకుని, ఆ తర్వాత వాయిద్యం మీద వెతుక్కుంటే, వేళ్లు "అబ్బా ఇది మా దారి కాదే" అని సణుగుతూ కొత్త దారి తొక్కుతాయి. ఇంకో చిట్కా, కీబోర్డ్ మీద కట్టిన బాణీ మీద అనుమానం ఉంటే దాన్ని నాకు సరిగ్గా రాని వాయిద్యం మీద వాయించి చూస్తాను. ఫ్లూట్ మీద కూడా నిలబడిందంటే అందులో ఏదో ఉంది.

బహువాద్యకారుడికి ఇంకో పెద్ద గొయ్యి, నేను రెండు మూడేళ్లు అందులోనే పడి ఉన్నాను: అన్నీ నేనే వాయించేసుకోవడం. ఇప్పుడు కంప్యూటర్, ఒక మైకు ఉంటే చాలు. ముందు డ్రమ్స్, దాని మీద బేస్, దాని మీద గిటార్, కీబోర్డ్, ఫ్లూట్, చివర్లో ఇంట్లోవాళ్ల క్షమాభిక్షతో వయొలిన్ మూడు సార్లు. ఎవరినీ బతిమాలక్కర్లేదు, రిహార్సల్స్ లేవు, అర్ధరాత్రి రెండింటికి కూడా బ్యాండు రెడీ. మొదట్లో అద్భుతం అనిపించింది. తర్వాత ఎక్కడో తేడా కొట్టడం మొదలైంది. శ్రుతి సరిగ్గానే ఉంది, తాళం తప్పలేదు, మిక్సింగ్ కూడా పర్వాలేదు. అయినా విన్నప్పుడల్లా ఒకే మనిషి ఏడు చొక్కాలు మార్చుకుని వచ్చి కనబడుతున్నట్టుండేది.

చాలా రోజులకి పట్టుకున్నాను. నాకు దెబ్బకి వెంట్రుకవాసి ముందు పడే అలవాటుంది. టెన్షన్‌లో ఉంటే ఇంకాస్త. డ్రమ్స్‌లో ముందు పడ్డాను, బేస్‌లో అదే చోట అంతే ముందు పడ్డాను, గిటార్‌లోనూ అంతే. వేరే మనుషులైతే ఒకడు లాగుతాడు, ఒకడు వెనక్కి ఆనుకుని కూర్చుంటాడు, ఆ లాగుడు-ఆనుడు మధ్యనే నడకకి ఊపు వస్తుంది. నా రికార్డింగులో లాగేవాడే తప్ప ఆనేవాడు లేడు. వయొలిన్‌లదీ అదే కథ. మూడు సార్లు వాయించి మూడు వయొలిన్లు అనుకున్నాను, కానీ మూడుసార్లూ ఒకే వేలు ఒకే చోట కొంచెం తక్కువ శ్రుతిలో పడింది. పదిమంది వయొలిన్లు కలిసి వాయిస్తే శబ్దం ఒక్కరికంటే పది రెట్లు పెద్దదవుతుందని అనుకుంటాం గానీ అలా వినపడదు. పది డెసిబెల్లు పెరుగుతుంది, చెవికి అది దాదాపు రెండింతలుగా అనిపిస్తుంది, అంతే. మరి పదిమంది ఎందుకంటే, పది చేతుల్లో పది రకాల చిన్న చిన్న తేడాలు ఉంటాయి. శ్రుతిలో ఇసుమంత, టైమింగ్‌లో ఇసుమంత. ఆ తేడాలన్నీ కలిస్తేనే ఆ పట్టులాంటి మెరుపు. ఒకడి తప్పునే పదిసార్లు కాపీ చేస్తే తప్పు గట్టిగా వినబడుతుంది తప్ప మెరుపు రాదు.

అందుకని మళ్లీ మనుషులకే రాయాలని నిర్ణయించుకున్నాను. అక్కడ అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

మొదటిసారిగా ఒకేసారి ఎనిమిదిమందికి రాశాను. బాణీ డి మేజర్‌లో ఉంది. కంప్యూటర్‌లో స్కోరు (అందరి భాగాలూ ఒకచోట ఉండే రాత) రాసి, అక్కడే వాయించి విని, ప్రింట్లు తీసి పట్టుకెళ్లాను. చేతిలో రెండు గంటల టైం ఉంది. అందరూ శ్రుతి చేసుకున్నారు, నాలుగు లెక్కపెట్టాను, మొదలుపెట్టారు. రెండు బార్లు వయొలిన్లు, బాగుంది. మూడో బార్‌లో క్లారినెట్ వచ్చింది. ఆ శబ్దం ఎలా వర్ణించాలో తెలియడం లేదు. తప్పు వాయించినట్టు లేదు, చాలా నమ్మకంగా, చాలా చక్కగా, వేరే పాట వాయించినట్టుంది. చెయ్యెత్తి ఆపాను. క్లారినెట్ వాయించే పెద్దాయన నా వైపు చాలా శాంతంగా చూసి, "మీరు రాసిందే వాయించానండీ" అన్నారు.

నిజంగానే నేను రాసిందే వాయించారు. మామూలుగా వాడే బి ఫ్లాట్ క్లారినెట్‌లో కాగితం మీద సి అని ఉంటే బయటికి బి ఫ్లాట్ వినిపిస్తుంది, ఒక స్వరం కిందికి. అందుకే ఆ వాయిద్యానికి రాసేటప్పుడు ఒక స్వరం పైకి రాసివ్వాలి. బాణీ డి మేజర్ అయితే ఆయన కాగితం మీద ఇ మేజర్ ఉండాలి. నేను అందరికీ ఒకటే డి మేజర్ కొట్టి ఇచ్చేశాను. ఈ సంగతి నేను చదివి ఉన్నాను కూడా, అదీ ఏడుపు. చదివినది తలలో ఉంది, చేతిలో లేదు. కంప్యూటర్ మరీ తెలివైనది, నేను ఎలా అడిగితే అలా వినిపించింది, నాకు ఏ అనుమానమూ రాలేదు.

"ఒక స్వరం పెంచి వాయించనా?" అని ఆయనే అడిగి, అక్కడికక్కడే, ఇ మేజర్‌కి ఉండే నాలుగు షార్పులు మనసులో వేసుకుంటూ, కాగితం మీద లేనిది వాయించేశారు. మిగతా ఏడుగురి ముందు నా పరువు అలా నిలిచింది. బ్రేక్‌లో దగ్గరికి పిలిచి, ఇంకో చోట వేలు పెట్టి చూపించారు. అక్కడ నేను జి, ఏ స్వరాల మధ్య త్వరగా ఊగే ఒక ముక్క రాశాను. పక్కపక్క స్వరాలే కదా, కీబోర్డ్ మీద రెండు వేళ్ల పని. ఆయన కాగితంలో అవి ఏ, బి అవుతాయి. క్లారినెట్ వాయిద్యాన్ని పైకెత్తి చూపించారు. ఏ అంటే ఒక్క వేలు, మిగతా రంధ్రాలన్నీ ఖాళీ. బి అంటే దాదాపు అన్ని వేళ్లూ మూసి, వెనక బొటనవేలితో ఇంకో మీట నొక్కాలి. "ఇటు ఖాళీ చేతులు, అటు నిండు చేతులు. మధ్యలో మీరు ఉయ్యాల కట్టారు" అన్నారు. ఆ రెండింటి మధ్యనే ఆ వాయిద్యానికి ఒక అతుకు ఉంటుందని, దాని కిందనున్న రెండు మూడు స్వరాలు కాస్త వెలవెలబోతాయని అప్పుడే చెప్పారు.

వారం తిరక్కుండా ఒక పాత క్లారినెట్ అరువు తెచ్చుకున్నాను. నాలుగు నెలలు. నేర్చుకున్నాను అనను. కానీ ఆ అతుకు నా వేళ్లకి తెలుసు ఇప్పుడు. స్కోరులో ఆ రెండు స్వరాలు పక్కపక్కన పడితే నా ఎడమ బొటనవేలు కదులుతుంది.

"ఇదంతా వాయించకుండా తెలుసుకోలేమా?" అని అడగచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆర్కెస్ట్రాకి రాయడం గురించి 1844లో పెద్ద గ్రంథం అచ్చేయించిన ఫ్రెంచి సంగీతకర్త బెర్లియోజ్‌కి పియానో వాయించడం రాదు, ఫ్లూట్, గిటార్ వచ్చు. అంటే నూరు వాయిద్యాలు ఒక్కడే నేర్చుకోనక్కర్లేదు, పెద్దవాళ్లు కొందరు ఒకటీ రెండూ పట్టుకునే మిగతావన్నీ రాశారు. కాకపోతే రష్యన్ సంగీతకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ సంగతి కూడా చూడాలి. 1871లో, ఇరవై ఏడేళ్ల వయసులో, సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాల) ప్రొఫెసర్ ఉద్యోగం ఇచ్చారు ఆయనకి. అప్పటికి తనకి సంగీత శాస్త్రం సరిగ్గా రాదని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు, పిల్లలకి చెబుతూ ఇంట్లో తాను నేర్చుకున్నారు. 1873లో నౌకాదళం బ్యాండులకి ఇన్‌స్పెక్టర్ అయ్యాక ఫ్లూట్, క్లారినెట్, ట్రాంబోన్ (గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి బూర) లాంటివి తెచ్చుకుని స్వయంగా ఊది చూశారు. కచేరీ చెయ్యడానికి కాదు, వాటిలో ఏది ఎక్కడ పలుకుతుందో తెలుసుకోవడానికి. ఆర్కెస్ట్రా రంగుల విషయంలో ఆయన్ని మించినవాళ్లు లేరని తర్వాత తరాలు చెప్పుకున్నాయంటే, ఆ ఊదుడికి అందులో కొంత వాటా ఉందనే నా నమ్మకం.

వాయించని వాళ్లకి ఇంకో దారి ఉంది. వాయించేవాళ్ల పక్కన కూర్చుని, సిగ్గుపడకుండా అడగడం. అది కూడా అంతే మంచి దారి, బహుశా త్వరగా పోయే దారి. నాలాంటి వాళ్లకి మనుషుల్ని అడగడం కంటే వాయిద్యం కొనుక్కోవడం తేలిక, అది స్వభావ దోషం. దాన్ని పద్ధతి అని చెప్పి ఎవరికీ అమ్మను.

ఒప్పుకోలేనిది మూడో దారి, ఎవరినీ అడక్కుండా, దేన్నీ ముట్టుకోకుండా సాఫ్ట్‌వేర్ శబ్దాల మీద రాసేయడం. ఆ శబ్దాలు ఈమధ్య చాలా బాగుంటున్నాయి, నేనూ రోజూ వాడతాను. కానీ వాటికి కష్టం తెలియదు. ఫ్లూట్ నాలుగు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా వాయిస్తుంది. ట్రాంబోన్ తీసుకోండి. దాని గొట్టానికి ఏడు స్థానాలు. బి ఫ్లాట్ మొదటి స్థానంలో, చెయ్యి పూర్తిగా లోపల. దానికి అరస్వరం పైనున్న బి అక్కడ ఏడో స్థానంలో, చెయ్యి పూర్తిగా బయటికి చాచాలి. అదనపు మీట లేని ట్రాంబోన్‌లో ఆ రెండింటి మధ్య గబగబా తిరగడమంటే ఒక మనిషి చేత తలుపు తీయించి వేయించినట్టే. కీబోర్డ్ మీద అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు మీటలు! సాఫ్ట్‌వేర్ నవ్వుతూ వాయించేస్తుంది, మనం నవ్వుతూ ప్రింటు తీస్తాం, ఎదుటివాడు ప్రింటు చూసి నవ్వడు.

ఇన్ని వాయిద్యాలు తెలిశాక కూడా నాకు చాలా ఆలస్యంగా వచ్చిన ఒక పని ఉంది, కొట్టేయడం. దీని గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక స్నేహితురాలి బాణీ, పదహారు బార్ల ఇంటర్లూడ్. ఆమె ఫ్లూట్ కావాలంది, అదీ కింద, ఊపిరి వినబడేలా, చెవిలో చెప్పినట్టు. రాశాను. చుట్టూ చెల్లోలు, వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కిందికి పలికేవి), ఇంకా మధ్యలో గిటార్ ఒక్కో తీగా విడివిడిగా మీటుతూ ఒక అల్లిక. గిటార్ ముక్క నేనే వాయించాను, చాలా బాగా కుదిరింది, నా చేతిలో అంత బాగా కుదిరినవి నాలుగైదుకి మించి ఉండవు. అంతా కలిపి వింటే ఫ్లూట్ లేదు. ఉంది, మీటరులో కనబడుతోంది, వినబడడం లేదు. సౌండ్ పెంచాను. ఫ్లూట్ పెద్దదైంది గానీ ఆ చెవిలో చెప్పడం పోయి మైకు పట్టుకుని అరిచినట్టయింది. మళ్లీ తగ్గించాను. స్ట్రింగ్స్ తగ్గించాను. గదిలో లైట్లు డిమ్ చేసినట్టు మొత్తం చప్పబడింది.

రెండు రోజులు ఇలా పెంచడం, తగ్గించడం. ఆమె విని, "అన్నీ బాగున్నాయి. నా ఫ్లూట్ ఏది?" అంది.

మిక్సింగ్‌తో పోయే జబ్బు కాదది. ఫ్లూట్ మంద్రం మొదలయ్యేదే 262 హెర్ట్జ్ దగ్గర, బాణీ అక్కడి నుంచి దాని రెట్టింపు వరకు తిరుగుతోంది. వయోలాలు అక్కడే ఉన్నాయి, చెల్లోల పైతీగ అక్కడే ఉంది, గిటార్ అల్లిక మొత్తం అక్కడే ఉంది. నలుగురు ఒకే గుమ్మంలోంచి ఒకేసారి బయటికి రావాలని చూస్తున్నారు, వాళ్లలో బక్కవాడు ఫ్లూట్. దారులు రెండే. ఫ్లూట్‌ని పైస్థాయికి పంపితే అందరి మీదా తేలుతుంది, కానీ ఆమె అడిగింది అది కాదు. లేదా మిగతావాళ్లు లేవాలి. చెల్లోలని కిందికి దింపాను, వయోలాలకి అసలు పని తీసేసి, రెండు వయొలిన్లకి చాలా పైన, సన్నగా, ఒక్క స్వరం పట్టుకోమని రాశాను. మధ్యలో గుమ్మం ఖాళీ అయింది, గిటార్ తప్ప.

ఆ గిటార్‌ని వదల్లేక నేను చేసిన కోతి పనులు చెబితే నవ్వుతారు. స్థాయి మార్చాను, సగం స్వరాలు తీశాను, ఎడమ స్పీకర్ మూలకి తోశాను. ప్రతిసారీ ఫ్లూట్ కొంచెం వినబడేది, కొంచెం. చివరికి ఒకసారి ఆ ట్రాకు మ్యూట్ చేసి విన్నాను. ఫ్లూట్ వాయించినాయన మూడో బార్ చివర పెదవులు తెరిచి గాలి పీల్చుకున్న శబ్దంతో సహా వినబడింది. అదే ఆమె అడిగింది. వాయించేవాడు నాలో ఇంకా బతికే ఉన్నాడు, వాడు ఆ రోజు నాతో మాట్లాడలేదు. ఆ గిటార్ ముక్క ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. ఎక్కడైనా పెట్టచ్చేమో అని అప్పుడప్పుడు తీసి వింటాను, ఇంతవరకు ఏ బాణీలోనూ దానికి చోటు దొరకలేదు.

క్లారినెట్ పెద్దాయన ఇప్పటికీ నాకు వాయిస్తారు. ఈమధ్య నా కాగితాల్లో ఆయనకి తప్పులు దొరకడం లేదు, ఊపిరి తీసుకునే చోట్లు కూడా గుర్తు పెట్టి ఇస్తున్నాను. అయినా కాగితం చేతికివ్వగానే ఆయన ముందు షార్పులు లెక్కపెడతారు, తర్వాత కళ్లజోడు పైనుంచి నా వైపు చూస్తారు, "డి మేజరేగా బాబూ?" అంటారు. అవునండీ అంటాను. అప్పుడు గానీ రీడ్ తడుపుకోరు.